గుండె, ఊపిరి, కండరం: ఒంటి చప్పుళ్ళతో సౌండ్ ఆర్ట్ చేయడం ఎలా

రెండు బొటనవేళ్ళతో రెండు చెవులూ గట్టిగా మూసుకోండి. మోచేతులు దేనికీ ఆనించకుండా పైకెత్తి ఉంచి, మెల్లగా పిడికిళ్ళు బిగించండి. లోపల లోతైన హోరు ఒకటి మొదలవుతుంది. బిగిస్తే పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. అది మీ చేతి కండరాల చప్పుడు. ఇంగ్లండ్ శాస్త్రవేత్త విలియం వొలాస్టన్ 1810లో అచ్చయిన ఉపన్యాసంలో దీన్ని వర్ణిస్తూ, ఎక్కడో దూరాన రాళ్ళు పరిచిన బాట మీద బండ్లు వేగంగా పోతున్నట్టు ఉంటుందన్నాడు. ఏ పరికరమూ లేకుండానే ఇంత వినిపిస్తోంది. ఇక ఒక స్టెతస్కోప్, ఒక కాలర్ మైక్, ఒక రికార్డర్ చేతికొస్తే వారాల తరబడి పనికొచ్చే ముడిసరుకు మీ ఒంట్లోనే దొరుకుతుంది.

ఈ దారిలో ముందే నడిచినవాళ్ళున్నారు. అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ 1951లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రతిధ్వని లేని గదిలోకి వెళ్ళి, అక్కడ కూడా రెండు ధ్వనులు విన్నాడు: ఒకటి సన్నది, ఒకటి లోతైనది. సన్నది నాడీ వ్యవస్థదని, లోతైనది రక్తప్రసరణదని అక్కడి ఇంజనీరు చెప్పాడట. సన్నని ధ్వని విషయంలో ఆ వివరణను ఇప్పుడు చాలామంది ఒప్పుకోరు, అది చెవిలోని హోరే అయ్యుంటుందంటారు. ఏదైతేనేం, మనిషి ఉన్నచోట పూర్తి నిశ్శబ్దం ఉండదన్న సంగతి కేజ్ ఆలోచనలో నిలిచిపోయింది. ఫ్రెంచ్ కళాకారుడు క్రిస్టియన్ బొల్టాన్‌స్కీ 2008 నుంచి ప్రపంచమంతటా మనుషుల గుండె చప్పుళ్ళు సేకరించాడు. జపాన్‌లోని తెషిమా ద్వీపంలో 2010లో తెరిచిన భవనంలో అవన్నీ భద్రంగా ఉన్నాయి. వెళ్ళినవాళ్ళు తమ గుండె చప్పుడును కూడా అక్కడ చేర్చి రావచ్చు.

మీరు చేయబోయేది అంత పెద్ద పని కాదు. ఒక మనిషి, ఐదు నిమిషాలు, ఒక కృతి. మెట్లెక్కి దిగిన గుండె నెమ్మదిగా మామూలు స్థితికి వచ్చేదాకా రికార్డు చేసి, దాని చుట్టూ మిగతా చప్పుళ్ళు కూర్చడం. దీన్నే ఎంచుకోమనడానికి కారణం ఉంది. మొదలు, నడక, ముగింపు అన్నీ శరీరమే సమకూరుస్తుంది. దాన్ని చెడగొట్టకుండా ఉండటమే మీ పనిలో సగం.

ముందుగా మనిషితో మాట్లాడండి

మొదటిసారి మీ ఒంటి మీదే ప్రయత్నించండి. రెండోసారి నుంచి ఇతరుల దగ్గరికి వెళ్ళొచ్చు, కానీ మైక్ తీసేలోపే నాలుగు సంగతులు తేల్చుకోండి. ఏ చప్పుడు తీసుకుంటారు, ఎవరెవరికి వినిపిస్తారు, పేరు చెప్పాలా వద్దా, తర్వాత మనసు మారితే తీసేస్తారా. చాలామంది గుండె చప్పుడుకు ఒప్పుకుంటారు గానీ కడుపులో గుడగుడకు సిగ్గుపడతారు. గురక అయితే మరీను. నిద్రపోతున్న మనిషి గురకను చెప్పకుండా రికార్డు చేయడం సరదా కాదు, చేయకండి.

స్టెతస్కోప్ బిళ్ళను మీరు పెట్టకండి, ఆ మనిషి చేతికివ్వండి. ఎక్కడ పెట్టుకోవాలో మీ ఒంటి మీద చూపిస్తే చాలు. మా అమ్మ గుండె రికార్డు చేసినప్పుడు ఇలాగే బిళ్ళ ఆమెకిచ్చి, హెడ్‌ఫోన్స్ కూడా ఆమెకే పెట్టాను. చప్పుడు బాగా వినిపించే చోటు నాకంటే తనే త్వరగా వెతుక్కుంది. అంతకంటే ముఖ్యంగా, తన గుండెను మొదట విన్నది తనే అయింది. అప్పటినుంచి ఇతరులతో కూడా ఇదే పద్ధతి పాటిస్తున్నాను.

ఇంకొక మాట. మీరు డాక్టరు కాదు. చప్పుడు తేడాగా ఉందని ఎదుటివాళ్ళను భయపెట్టకండి, రికార్డింగ్ విని బాగానే ఉందని ధైర్యమూ చెప్పకండి. అనుమానం ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్ళమనండి. గుండె జబ్బు, ఆయాసం, బీపీ ఉన్నవాళ్ళతో, గర్భిణులతో మెట్లెక్కించే పని అసలు వద్దు. కూర్చున్నచోటే వాళ్ళ ఊపిరి, గుండె రికార్డు చేసినా మంచి కృతే వస్తుంది.

స్టెతస్కోప్ మైక్ తయారుచేయడం

మెడికల్ షాపులో దొరికే చవక స్టెతస్కోప్ సరిపోతుంది. అయితే బిళ్ళకు రెండు వైపులున్నది చూసి కొనండి. ఒక వైపు పలుచని పొర బిగించి ఉంటుంది, దాన్ని డయాఫ్రం అంటారు. రెండో వైపు చిన్న గిన్నెలా ఉండేది బెల్. లోతైన చప్పుళ్ళకు బెల్ మంచిది, దాన్ని చర్మం మీద తేలిగ్గా ఆనించాలి. గట్టిగా నొక్కితే దాని కింద చర్మం బిగిసి డయాఫ్రంలాగే పనిచేస్తుంది, లోతు పోతుంది. ఊపిరి లాంటి పై స్థాయి చప్పుళ్ళకు డయాఫ్రం వాడి, కాస్త గట్టిగా అదమాలి.

మైక్‌గా మూడున్నర మిల్లీమీటర్ల పిన్ ఉన్న మామూలు కాలర్ మైక్ తీసుకోండి. దాని తల మీది స్పాంజి తీసేయండి. స్టెతస్కోప్ గొట్టం రెండు పాయలుగా చీలే చోటికి కొంచెం కిందగా కత్తిరించండి. బిళ్ళ వైపు ఒక జానెడు గొట్టం మిగిలితే చాలు. గొట్టం పొడవు పెరిగేకొద్దీ అది తన సొంత రంగును చప్పుడుకు పులుముతుంది. కత్తిరించిన కొసను కాసేపు వేడినీళ్ళలో ముంచితే మెత్తబడి సాగుతుంది. లోపలి తడిని పూర్తిగా తుడిచి ఆరనిచ్చాక మైక్ తలను అందులోకి దూర్చండి. సందులు మిగలకుండా ప్లంబర్లు వాడే టెఫ్లాన్ టేపు చుట్టి, పైన నల్ల ఇన్సులేషన్ టేపు వేయండి.

గాలి చొరబడకుండా మూయడం ఇక్కడ ప్రాణం. గుండె చప్పుడులో బలమంతా సుమారు 20 నుంచి 150 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని కంపనాలు) మధ్యే ఉంటుంది. సూదిమొనంత సందున్నా మొదట జారిపోయేది ఆ లోతే. చప్పుడు పలుచగా, టక్ టక్‌మని వినిపిస్తోందంటే మైక్‌ను తిట్టకుండా టేపు మళ్ళీ చుట్టండి.

పీజో బిళ్ళ

కండరం, ఎముక, కీళ్ళ చప్పుళ్ళకు స్టెతస్కోప్ చాలదు. ఒంటికి అతుక్కుని అదురును పట్టేది కావాలి. ఎలక్ట్రానిక్స్ విడిభాగాల దుకాణాల్లో 27 మిల్లీమీటర్ల ఇత్తడి పీజో బిళ్ళలు, అంటే అదురును విద్యుత్ సంకేతంగా మార్చే పలుచని బిళ్ళలు, చాలా తక్కువ ధరకు దొరుకుతాయి. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళండి. బిళ్ళకు షీల్డు ఉన్న వైరు సోల్డర్ చేసి, చివర గిటార్ జాక్ పెట్టించుకోండి. సోల్డరింగ్ రాకపోతే రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపులో నిమిషాల్లో చేసిపెడతారు. బిళ్ళ రెండు వైపులా ఇన్సులేషన్ టేపు అంటించి, లోహం ఒంటికి తగలకుండా చూసుకోండి.

పీజోను నేరుగా ఫోన్‌కో, మామూలు మైక్ సాకెట్‌కో కలిపి, చప్పుడు కీచుగా ఉందని పక్కన పడేసేవాళ్ళు చాలామంది. తప్పు బిళ్ళది కాదు. ఈ సైజు పీజో కెపాసిటెన్స్, అంటే విద్యుదావేశాన్ని నిలవ ఉంచుకునే శక్తి, సుమారు 20 నానోఫారడ్లు. దాన్ని 10 కిలో ఓమ్‌ల నిరోధం ఉన్న ఇన్‌పుట్‌కు కలిపితే లెక్క ప్రకారం 800 హెర్ట్జ్‌కు కిందున్నదంతా క్రమంగా తగ్గిపోతుంది. అంటే శరీరం మొత్తం పోయినట్టే. అదే ఒక మెగా ఓమ్ ఇన్‌పుట్‌కు కలిపితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కు దిగుతుంది. కాబట్టి ఆడియో ఇంటర్‌ఫేస్‌లో (మైకులను, వాద్యాలను కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో) గిటార్ కోసం ఇచ్చే 'ఇన్‌స్ట్రుమెంట్' లేదా 'హై-జెడ్' అని రాసి ఉన్న సాకెట్‌లోనే పెట్టండి.

కరెంటు విషయంలో ఒక నియమం పెట్టుకోండి, దానికి మినహాయింపు లేదు. ఒంటికి ఏదైనా తగిలించి ఉన్నంతసేపూ అన్ని పరికరాలూ బ్యాటరీ మీదే నడవాలి. ల్యాప్‌టాప్ చార్జర్, ఫోన్ చార్జర్ తీసేయాలి. ఈసీజీ పట్టీల లాంటివి ఒంటికి అంటించి ఇంటర్‌నెట్‌లో చూసిన సర్క్యూట్‌కు కలిపే ప్రయోగాలు చేయకండి. ఈ నియమానికి ఇంకో లాభమూ ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది. చార్జర్ నుంచి వచ్చే రొద 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర కూర్చుంటుంది, సరిగ్గా గుండె ఉండే చోట. తర్వాత ఆ రొదను కోసేయాలని చూస్తే దాంతోపాటు గుండె కూడా తెగిపోతుంది.

గది, వేళ

ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి, ఆక్వేరియం మోటారు ఉంటే అదీ ఆపాలి. ఎండాకాలంలో మన ఇళ్ళలో ఇది జరిగే పని కాదు, చెమట పట్టిన చర్మం మీద బిళ్ళ జారి గరగరమంటుంది కూడా. చలికాలం తెల్లవారుజామున, వీధిలో మోటార్లు, గుడి మైకు మొదలవకముందు కూర్చోండి. కరెంటు పోయిన వేళ అయితే మరీ మంచిది, వీధి వీధంతా నిశ్శబ్దమవుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ మాత్రం ఆపేయండి, దాని రొద మెయిన్స్ కంటే అధ్వాన్నం. గోడలకు బొంతలు, రగ్గులు వేలాడదీస్తే గది మోత తగ్గుతుంది.

నిజానికి స్టెతస్కోప్‌తో పనిచేసేటప్పుడు గది కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది రాపిడి. గొట్టం చొక్కాకు తగిలినా, చెయ్యి కాస్త కదిలినా రికార్డింగ్‌లో పెద్ద చప్పుడవుతుంది. కూర్చునేవాళ్ళు గోడకు జారబడాలి. మెడలో గొలుసులుంటే వీపు వైపుకు వేసుకోమనండి, గాజులుంటే పైకి తోసి చేతి రుమాలు చుట్టండి. ఛాతీ మీద వెంట్రుకలుంటే బిళ్ళ కింద అవి చిటపటమంటాయి. ఆ చోట కాస్త నీళ్ళతో తడిపితే ఆగిపోతుంది, డాక్టర్లు కూడా ఇదే చేస్తారు.

రికార్డర్ సెట్టింగులు

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, వేవ్ ఫైలు. తర్వాత బాగా నెమ్మది చేయాలనుకున్న చప్పుళ్ళకు 96 కిలోహెర్ట్జ్. గరిష్ఠ స్థాయి మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకోండి. 'లో కట్', 'ఆటో లెవెల్', 'నాయిస్ రిడక్షన్' అని ఉన్నవన్నీ ఆపేయండి. ఫోన్‌లోని మామూలు వాయిస్ రికార్డర్ మాట కోసం తయారైంది. గుండె చప్పుడును అనవసరపు శబ్దమనుకుని తొక్కేస్తుంది, మధ్యలో ఖాళీ రాగానే స్థాయి పెంచేస్తుంది. కాబట్టి వీటన్నిటినీ చేత్తో మార్చుకోగలిగే రికార్డింగ్ యాప్ పెట్టుకోండి, లేదా చిన్న చేతి రికార్డర్ అరువు తెచ్చుకోండి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఈ పనికి పనికిరాదు.

హెడ్‌ఫోన్స్ లేకుండా మొదలుపెట్టకండి. ఫోన్ స్పీకర్ 200 హెర్ట్జ్ కిందున్నది దాదాపు పలకదు. అందులో విని రికార్డు కాలేదనుకుని మంచి ఫైళ్ళు చెరిపేసేవాళ్ళున్నారు.

ఎక్కడ పెడితే ఏం వినిపిస్తుంది

గుండె: ఎడమ చనుమొనకు కొంచెం కింద, పక్కటెముకల మధ్య బెల్ పెట్టండి. ఇక్కడ మొదటి చప్పుడు, అంటే 'లబ్' బలంగా ఉంటుంది. పై గదులకూ కింది గదులకూ మధ్య ఉన్న కవాటాలు మూసుకునే చప్పుడది. బిళ్ళను పైకి జరిపి, రొమ్ము ఎముక పక్కన రెండో పక్కటెముకల సందు దగ్గర పెడితే రెండోది, 'డబ్' ముందుకొస్తుంది. అది పొట్టిగా, కాస్త పైస్థాయిలో ఉంటుంది. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే గుండె ఛాతీ గోడకు దగ్గరవుతుంది. రెండు చోట్లా విడివిడిగా రికార్డు చేసి ఉంచుకోండి, తర్వాత రెండు వాద్యాల్లా పనికొస్తాయి. మెడ పక్కన నాడి దగ్గర కూడా వినొచ్చు గానీ తేలిగ్గా ఆనించాలి. నొక్కకూడదు, రెండు వైపులా ఒకేసారి అసలు పట్టుకోకూడదు.

ఊపిరి: గొంతు గుంటకు పైన డయాఫ్రం పెడితే గాలి గొట్టంలో పోతున్నంత స్పష్టంగా ఉంటుంది. వీపు మీద, రెక్క ఎముక కింద పెడితే మెత్తగా, దూరంగా ఉంటుంది. ఒకే ఊపిరికి ఈ రెండు చోట్లా వచ్చే తేడా వినడమే ఒక పాఠం. గబగబా, లోతుగా వరసపెట్టి పీల్చమని ఎవరినీ అడగకండి, తల తిరుగుతుంది.

కడుపు: బొడ్డుకు కుడిపక్క కిందుగా. ఎప్పుడు గుడగుడమంటుందో దాని ఇష్టం, కాబట్టి చాలాసేపు రికార్డర్ వదిలేయాలి. తిని నాలుగైదు గంటలయ్యాక ఆకలి గుడగుడలు పెద్దవిగా, విడివిడిగా వస్తాయి. ఖాళీ పేగుల్లో ఒకటిన్నర, రెండు గంటలకొకసారి ఊడ్పులా ఒక కదలిక నడుస్తుంది. ఆ వేళ దొరికితే పండగే. తిన్న వెంటనే అయితే చిన్న చిన్నవి వరసగా పలుకుతాయి.

కండరం: ముంజేతి మీద పీజోను సాగే క్రేప్ బ్యాండేజీతో కట్టి, పిడికిలి బిగించమనండి. ఈ చప్పుడు చాలా లోతు, సుమారు 25 హెర్ట్జ్ చుట్టుపక్కల. హెడ్‌ఫోన్స్‌లో వినిపించకపోయినా స్క్రీన్ మీద అల కనిపిస్తే రికార్డయినట్టే.

ఎముక, కీళ్ళు: చెవి వెనక గట్టి ఎముక మీద పీజో పెట్టి జంతికలు నమలండి. మీరు లోపలినుంచి వినే కరకర దాదాపు అదే. అక్కడే మాట్లాడితే మీకు మీ గొంతు లోపల ఎలా ఉంటుందో దాని ఛాయ దొరుకుతుంది. మోకాలి చిప్ప పక్కన పెట్టి నెమ్మదిగా లేచి కూర్చుంటే కొందరికి ఇసుక నలిగినట్టు వస్తుంది, పెద్దవాళ్ళలో ఎక్కువ. మెటికలు, చిటిక, అరచేతుల రాపిడి, గడ్డం మీద వేళ్ళు, జడ దువ్వడం: వీటికి మామూలు మైక్‌నే బెత్తెడు దూరంలో పెట్టండి.

ప్రతి ఫైలుకూ పేరుతోపాటు తేదీ, చోటు, ఆ మనిషి అంతకుముందు ఏం చేస్తున్నారో రాసుకోండి. 'గుండె పైచోటు, భోజనం తర్వాత' అని ఉంటే నెల తర్వాత కూడా అర్థమవుతుంది.

అసలు రికార్డింగ్

ఇప్పుడు మెట్ల పని. రెండు రికార్డర్లు కావాలి: ఒకటి స్టెతస్కోప్‌కు, ఒకటి నోటికి బెత్తెడు దూరంలో ఊపిరి కోసం. రెండోది ఫోన్ అయినా పరవాలేదు. రెండూ ఆన్ చేసి ఒకసారి చప్పట్లు కొట్టండి. సినిమా షూటింగులో క్లాప్ కొట్టినట్టే, తర్వాత రెండు ఫైళ్ళనూ ఆ చప్పట్ల దగ్గర సరిపెట్టుకోవచ్చు. మనిషిని రెండు అంతస్తులు చురుగ్గా ఎక్కి దిగమనండి. రాగానే పడక మీద వాలి, బిళ్ళ పెట్టుకుని, కదలకుండా ఐదు నిమిషాలు. మాట వద్దు. మొదట్లో ఊపిరి గుండెను కప్పేస్తుంది. సరిచేయాలని చూడకండి. అది పలుచబడే కొద్దీ గుండె బయటపడటమే ఈ కృతికి ప్రాణం.

ఇందులో ఇంకో సొగసు దాగి ఉంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెలో లబ్‌కూ డబ్‌కూ మధ్య సుమారు మూడో వంతు సెకను, డబ్ నుంచి తర్వాతి లబ్ దాకా అర సెకను ఉంటుంది. రెండుకు మూడు. తక తకిట, అంటే ఐదు అక్షరాల ఖండచాపు తాళం దరిదాపుల్లో. గుండె వేగం పెరిగితే రెండు ఖాళీలూ ఒకే పాళ్ళలో తగ్గవు. రెండోదే ఎక్కువ కుంచించుకుపోతుంది, దాంతో రెండూ దాదాపు సమానమవుతాయి. అంటే మెట్లు దిగి వచ్చినప్పుడు తకతక అని సమంగా పరిగెత్తిన గుండె, ఐదు నిమిషాల్లో తనంతట తానే తక తకిటలోకి ఒదుగుతుంది. తాళం తెలిసినవాళ్ళు ఇది వినగానే నిటారుగా కూర్చుంటారు. చేత్తో తాళం వేస్తూ ఒకసారి మొత్తం వినండి, మీకే తెలుస్తుంది.

అందుకే ఎడిటింగ్‌లో గుండెను గడుల్లోకి నెట్టకండి. దెబ్బలన్నిటినీ సమాన దూరాల్లో సర్దేస్తానని సాఫ్ట్‌వేర్ 'క్వాంటైజ్' అని ఊరిస్తుంది, వద్దు. ఒక్క లబ్-డబ్ కోసి దాన్నే పదేపదే అంటించడం ఇంకా వద్దు. అలా చేసిన గుండె రెండో సెకనుకే యంత్రమని చెవికి తెలిసిపోతుంది. మనం ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగం పెంచుతుంది, వదిలినప్పుడు తగ్గిస్తుంది. అది పోతే మనిషి పోయినట్టే. ఎప్పుడైనా పునరావృతం చేయక తప్పకపోతే కనీసం నాలుగైదు ఊపిరుల పొడవున్న ముక్క తీసుకోండి.

కంప్యూటర్ మీద

ఉచితంగా దొరికే ఆడాసిటీ ఈ పనికంతా చాలు. గుండె ఫైలు తెరిచి, 200 హెర్ట్జ్ పైనున్నది కొంచెం తగ్గించండి, పూర్తిగా కాదు. ఊపిరి ఫైలు మీద నాయిస్ రిడక్షన్ వాడకండి. ఊపిరే ఒక నాయిస్, సాఫ్ట్‌వేర్‌కు ఆ తేడా తెలియదు. నీళ్ళలో మునిగినట్టు అయిపోతుంది.

తర్వాత సమస్య: వినేవాళ్ళలో చాలామంది ఫోన్‌లోనే వింటారు, అందులో గుండె మాయమవుతుంది. ఒక దారి, గుండె ట్రాక్‌కు నకలు తీసి, నకలు మీద కొంచెం డిస్టార్షన్ (ధ్వనిని కావాలని వికటింపజేసే ఎఫెక్ట్) వేసి, అసలు కింద సన్నగా కలపడం. డిస్టార్షన్ వల్ల పుట్టే పై స్థాయి హరాత్మకాలు, అంటే అసలు ధ్వనికి రెండు, మూడు రెట్ల హెర్ట్జ్‌లో పలికే తోడు ధ్వనులు, చిన్న స్పీకర్‌లో కూడా పలుకుతాయి, చెవి లోతును తనే ఊహించుకుంటుంది. రెండో దారి, వేగం మార్చకుండా శ్రుతిని ఒక స్థాయి (ఆక్టేవ్, అంటే రెట్టింపు హెర్ట్జ్) పైకి జరపడం. నాకు మొదటిదే నచ్చుతుంది, గుండె బరువు అలాగే ఉంటుంది.

ఇక రూపాలు మార్చే పని. మెటికల చప్పుడును ఎనిమిదో వంతు వేగానికి దించితే తలుపు విరిగినంత పెద్దదవుతుంది. కండరం చప్పుడును రెండు స్థాయిలు పైకి తెస్తే 100 హెర్ట్జ్ చుట్టూ తిరిగే గరుకైన శ్రుతి వస్తుంది, కృతి అడుగున పరచడానికి పనికొస్తుంది. పాల్‌స్ట్రెచ్ అనే ఎఫెక్ట్‌తో ఒక్క ఊపిరిని నిమిషం పొడవుకు సాగదీయొచ్చు.

నేను అందరికీ తప్పకుండా చేయమని చెప్పే ప్రయోగం ఇంకొకటుంది. విడిగా ఐదు నిమిషాల గుండె రికార్డింగ్ తీసుకోండి, ఈసారి ఐదు సెకన్లు పీల్చి ఐదు సెకన్లు వదులుతూ, అంటే నిమిషానికి ఆరు ఊపిరులు. దాని వేగాన్ని ఎనిమిది రెట్లు చేయండి, వచ్చినదాన్ని మళ్ళీ ఎనిమిది రెట్లు. మొత్తం 64 రెట్లు. ఐదు నిమిషాలు ఐదు సెకన్ల లోపు అయిపోతాయి. నిమిషానికి 72, అంటే సెకనుకు 1.2 సార్లు కొట్టుకున్న గుండె ఇప్పుడు సెకనుకు 77 సార్లు కొట్టుకుంటుంది. విడివిడి దెబ్బలు మాయమై ఒకే స్వరమవుతుంది, జీరగా పలికే మంద్ర స్వరం. ఊపిరితోపాటు గుండె వేగం పెరిగి తగ్గడం కూడా 64 రెట్లు వేగవంతమై, సెకనుకు ఆరుసార్లకు కాస్త పైన ఊగుతుంది. గాయకుల గొంతులో కంపనం ఉండే వేగం దాదాపు అదే. ఆ ఐదు సెకన్లూ గుండె పాడినట్టే ఉంటుంది. మామూలుగా ఊపిరి తీసుకుంటూ చేసిన రికార్డింగ్‌తో ఇదే చేసి చూడండి, స్వరం గరుకుగా వణుకుతుంది గానీ ఇలా ఊగదు.

కూర్చడం

మెట్ల రికార్డింగ్ ఐదు నిమిషాలూ మధ్యలో కోయకుండా వెన్నెముకగా ఉంచండి. మొదటి నిమిషంలో ఏమీ చేర్చకండి, ఊపిరి చాలు. గుండె బయటపడ్డాక కండరం శ్రుతిని వినీ వినపడనంత సన్నగా ప్రవేశపెట్టండి. కడుపు చప్పుళ్ళను ఒక్కొక్కటిగా, అనుకోని చోట వదలండి, అవి సహజంగా కూడా అలాగే వస్తాయి. 64 రెట్ల స్వరాన్ని ఒకే ఒక్కసారి వాడండి, నాలుగో నిమిషం చుట్టుపక్కల. రెండోసారి వాడితే గారడీ అయిపోతుంది. ప్రతిధ్వని ఎఫెక్ట్ వేయాలని చెయ్యి లాగుతుంది. వేయకపోతేనే చప్పుడు వినేవాళ్ళ ఒంట్లోంచి వస్తున్నట్టు ఉంటుంది, వేస్తే గుడి మంటపంలోకి వెళ్ళిపోతుంది.

వినిపించడం

ఇయర్‌ఫోన్స్‌తో ఒంటరిగా వినడం బాగానే ఉంటుంది. కానీ పదిమందిని చీకటి గదిలో కూర్చోబెట్టి హోమ్ థియేటర్ సబ్‌వూఫర్ మీద వినిపిస్తే వేరు. సబ్‌వూఫర్‌ను గది మూలకు జరిపితే లోతు పెరుగుతుంది. శబ్దం తక్కువతో మొదలుపెట్టి మెల్లగా పెంచండి. ఇంత లోతైన చప్పుళ్ళు చిన్న స్పీకర్లను చీల్చేస్తాయి.

చెవికి అందనంత లోతున్నవాటికి ఇంకో ఉపాయం ఉంది. అమెరికన్ స్వరకర్త ఆల్విన్ లూసియర్ 1965లో బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో తలకు ఎలక్ట్రోడ్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. మెదడులోని ఆల్ఫా తరంగాలు సెకనుకు 8 నుంచి 13 సార్లు మాత్రమే ఆడతాయి, నేరుగా వినపడవు. వాటిని పెద్దవి చేసి స్పీకర్లకు పంపి, ఆ స్పీకర్ల కదలికతో డప్పులను, తాళాలను మోగించాడు. మీరు ఎలక్ట్రోడ్ల జోలికి పోకుండానే ఈ పద్ధతి వాడుకోవచ్చు. స్పీకర్‌ను వెల్లకిలా పడుకోబెట్టి, దాని మీద కంజీరనో డప్పునో ఆనించి, చర్మం మీద గుప్పెడు పెసలు వేయండి. కండరం రికార్డింగ్‌ను మార్చకుండా వదలండి. పిడికిలి బిగిసినప్పుడల్లా పెసలు చిందేస్తాయి.

అందరికంటే ముందు, ఆ ఒళ్ళు ఎవరిదో వాళ్ళకే వినిపించండి. ఫలానా చోటు వద్దంటే తీసేయండి, మొత్తం వద్దంటే మొత్తం తీసేయండి. బ్యాకప్ డిస్కులో ఉన్న కాపీని, ఫోన్‌లో మిగిలిన ఊపిరి ఫైలును కూడా గుర్తుపెట్టుకుని చెరపండి. సరేనంటే పూర్తయిన కృతితోపాటు, ఏమీ కలపని ఐదు నిమిషాల గుండె ఫైలును కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి వాళ్ళకివ్వండి.